చిత్రకారుడు దామెర్ల రామారావు

మన మౌలాలి మీదుగా తూర్పుదిక్కునకు పోవు రైలుబండ్లలో కొన్ని రాజమహేంద్రవరము మీదుగా పోవును. గోదావరి వంతెనమీదికి బండి రాగానే నిద్రించువారు సైతము లేచి కిటికీలకడ చేరుదురు. కొందరు నదిలోనికి నాణెములు విసరుదురు. పిమ్మట ఎవరి చోట వారు కూర్చుందురు. ఆ ఊరిలో దిగి, నదికి చేరువనున్న ఒక చిత్రశాలను చూచి పోవువారు మాత్రము మిక్కిలి అరుదు. ఆ చిత్రశాల దామెర్ల రామారావుగారి పేరిట వెలసినది. ఆయన నిండ 28 సంవత్సరములైన బ్రతుకలేదు. అయినను ఆంధ్రదేశమున నవీన చిత్రకళను గూర్చి మాటలాడువారెవ్వరును ఆయన పేరు తలపకుండ ముందునకు సాగజాలరు.

రామారావుగారు 1897వ సంవత్సరము మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. తండ్రి వేంకటరమణరావుగారు, తల్లి లక్ష్మీదేవిగారు. ఈ బాలునకు చదువుకంటె గీతలయందే మక్కువ మెండు. ఇట్టి పిల్లవాడు ప్రతి ఊరిలోను, ప్రతి పాఠశాలలోను ఒకడుండును. వానికి పిమ్మట ఏమగుననునది వానికి తటస్థించిన పెద్దలను బట్టి యుండును. రామారావుగారికి తటస్థించిన పెద్ద ఆస్వాల్డ్ కూల్డ్రే దొరగారు.

కూల్డ్రే దొర ఆంగ్లేయుడు. 1909 మొదలు 1919 వరకు రాజమహేంద్రవరపు ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షుడుగా నుండెను. ఆయన పని ఇంగ్లీషు సాహిత్యము చెప్పుట. కాని ఆయన స్వయముగా రంగులు వేయగలవాడు, కవిత్వము వ్రాయగలవాడు. కళాశాల విడిచిన వెనుక శిష్యులను వెంటబెట్టుకొని గోదావరి గట్టునకును, చుట్టుపట్ల పల్లెలకును పోయెడివాడు. తెరచాప యెత్తిన పడవను, నీళ్లబిందెతో మెట్లెక్కు స్త్రీని వారికి చూపి, గీయుడని ప్రోత్సహించెడివాడు. విదేశమునుండి వచ్చినవాడు మన పల్లెను మనకు చూపుట వింతగా తోచవచ్చును. అనుదినము చూచునది కనుకనే మన కంటికి అది ఆనదు కాబోలు. ఆయన శిష్యులలో రామారావుగారు మాత్రమేకాక, పిమ్మట చిత్రకారుడుగాను నవలారచయితగాను ప్రసిద్ధికెక్కిన అడివి బాపిరాజుగారును, కవియైన కవికొండల వేంకటరావుగారును ఉండిరి. ఒక ఉపాధ్యాయుని చేతిమీదుగా ఇందరు కళావంతులు వచ్చుట సామాన్యము గాదు. వినికిడి మందగించుటచే దొరగారు 1919లో స్వదేశమునకు వెడలిపోయిరి. ఆ దినములను స్మరించుచు వారు వ్రాసిన గ్రంథము 1924లో ప్రకటింపబడెను.

ఇచ్చట నా సంగతి యొకటి చెప్పుకొనవలసియున్నది. ఉపాధ్యాయ వృత్తిలో చేరిన తొలి సంవత్సరములలో, లెక్కల పుస్తకమునందు ఎద్దుబొమ్మ వ్రాసిన పిల్లవాని నొకనిని తరగతి యెదుట నిలువబెట్టి, ఆ పుట చింపించితిని. ఎద్దు చక్కగనే యుండెను. ముఖ్యముగా దాని మెడక్రింద వ్రేలాడు గంగడోలు ఇప్పటికిని నాకు జ్ఞప్తియందున్నది. ఆ పిల్లవాడు మరల నా కంటబడునట్లు బొమ్మ గీయలేదు. కూల్డ్రే దొరగారి కథ చదివినప్పుడెల్ల ఆ చింపిన పుట నాకు గుర్తునకు వచ్చును.

1916లో రామారావుగారు బొంబాయిలోని సర్ జె. జె. చిత్రకళాశాలలో చేరిరి. కూల్డ్రే దొరగారి ప్రేరణయు తోడ్పాటును లేనిచో ఆ కాలమున ఒక తెలుగు బాలుడు బొమ్మలు నేర్చుటకై అంతదూరము పోవుట కలలోని మాట. బ్రతుకుతెరువు చదువు మాని బొమ్మలేమిటని ఇరుగుపొరుగువా రడుగు దినములవి. (ఇప్పుడును అడుగుదురనుట వేరు సంగతి.) 1857లో స్థాపింపబడిన ఆ కళాశాలలో పాశ్చాత్య పద్ధతి మిక్కిలి కట్టుదిట్టముగా సాగెడిది. విద్యార్థి మొదట ప్రాచీన గ్రీకు శిల్పములకు పోతపోసిన సుద్దబొమ్మలను ముందిడుకొని, వెలుగు ఎచ్చట పడుచున్నది, నీడ ఎచ్చట మొదలగుచున్నది అని నెలల తరబడి గీయవలెను. ఆపైని కూర్చున్న మనుష్యుని చూచి గీయవలెను. ఈ అభ్యాసమువలననే రామారావుగారి చిత్రములలోని మనుష్యులకు ఎముక, కండ, బరువు గలవు. వారి పాదములు నేలమీద నిలుచును. శిల్పిచేతి పని చూచినట్లుండునని ఆయన బొమ్మలను గూర్చి చెప్పుకొనుటకు కారణ మిదియే. 1920లో చదువు ముగిసెను. ఆయన కథియవాడ్ ప్రాంతమున కొంతకాలము సంచరించి, అచ్చటి పాలమ్ము స్త్రీలను, పశులకాపరులను చిత్రించిరి. తరువాత స్వస్థలమునకు తిరిగివచ్చిరి.

బొంబాయిలో నిలిచి ధనవంతుల రూపచిత్రములు వ్రాసియున్నచో సుఖముగా బ్రతుకవచ్చునేమో! రామారావుగారు రాజమహేంద్రవరమునే యెంచుకొనిరి.

ఆనాటి చిత్రకారునియెదుట రెండు త్రోవలు గలవు. ఒకటి తాను బొంబాయిలో నేర్చిన పాశ్చాత్య పద్ధతి. రెండవది కలకత్తాలో అవనీంద్రనాథ ఠాకూరుగారు నడపిన వంగ పద్ధతి. అందు కాగితమును మాటిమాటికి నీట తడిపి, రంగుమీద రంగు పలుచగా పూసి, మంచు కప్పినట్టి కలవంటి చిత్రమును వ్రాయుదురు. బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటర్జీగారు ఈ పద్ధతినే బోధించుచుండిరి. బాపిరాజుగారు అచ్చటనే దాని నభ్యసించిరి. రామారావుగారు రెండింటిని ఎరిగియు దేనికిని దాసులు కాలేదు. మనుష్యుని యాకృతి తెలియుటకు పాశ్చాత్య శిక్షను ఉంచుకొనిరి. ఆ యాకృతికి అజంతా కుడ్యచిత్రములయందలి రేఖను, వంపును చేర్చిరి. కట్టు, బొట్టు, కొప్పు, నగలు, గుమ్మము, నూతిగట్టు మాత్రము తెలుగునాటివి. రంగులు తేటగా నుండును, మంచు లేదు. నీటిరంగుల చిత్రకారునకు కాగితపు తెలుపే వెలుగు. దానిని ఒకసారి కప్పివేసిన పిదప తిరిగి తెచ్చుకొనుట కష్టము. ఎచ్చట రంగు వేయరాదో ముందుగనే ఎరిగిన చేయి ఆయనది.

ఆయన పని పెన్సిలుతో మొదలయ్యెడిది. ఎచ్చటికి పోయినను చిత్తుపుస్తకము వెంట నుండవలెను. కూర్చున్న తీరు, తలవంచిన తీరు, చెంబు పట్టుకొన్న వ్రేళ్లు, ఇట్లు ఎన్నియో చిన్న గీతలు. పెద్ద చిత్రమును కూర్చునప్పుడు ఈ గీతలనుండి ఒక్కొక్కదానిని ఏరుకొనెడివారు. కాని చిత్తుగీతలు చాలవు. ఎదుట మనిషి కూర్చుండవలెను. 1920 ప్రాంతమున రాజమహేంద్రవరమున చిత్రకారుని యెదుట గంటల తరబడి కూర్చుండుటకు ఏ యింటి స్త్రీ అంగీకరించును? ఆయన భార్య సత్యవాణిగారు అంగీకరించిరి. ఆయన చిత్రములలోని స్త్రీమూర్తులకు పెక్కింటికి ఆమెయే ఆధారము. ఆమెయు, రామారావుగారి సోదరి బుచ్చికృష్ణమ్మగారును తామును కుంచె పట్టి చిత్రములు వ్రాసిరి. ఒక యింటిలో ముగ్గురు చిత్రకారులు, అందు ఇద్దరు స్త్రీలు! ఈ సంగతిని మన బాలికలు గమనింతురుగాక.

ఆయన చిత్రములలో ఋష్యశృంగుని చిత్రము మిక్కిలి ప్రఖ్యాతమైనది. అడవిలో తండ్రితో పెరిగి స్త్రీరూపమును ఎన్నడును చూడని ముని కుమారుని, వానలు లేని రాజ్యమునకు తోడుకొనివచ్చుటకై రాజు పంపిన స్త్రీలు మోహపెట్టిన పురాణకథ అది. ఈ చిత్రము కలకత్తా ప్రదర్శనమున బహుమానము నందెను. సిద్ధార్థ రాగోదయము, పుష్పాలంకారము, నందిపూజ మొదలగునవి తక్కిన పేరుపొందిన చిత్రములు. నా మట్టుకు నాకు పురాణచిత్రములకంటె నూతికడ స్త్రీలును, తూర్పు కనుమల నడుమ గోదావరియు ఉన్న చిత్రములే ప్రియమైనవి. పండితులు ఒప్పుకొనకపోవచ్చును. 1924లో లండనునకు చేరువనున్న వెంబ్లీలో జరిగిన మహాప్రదర్శనమునందును ఆయన చిత్రములు ఉంచబడెను.

తాను వ్రాయుటతో ఆయన తృప్తి చెందలేదు. 1922-23 ప్రాంతమున రాజమహేంద్రవరమున చిత్రకళాశాల నొకదానిని స్థాపించి యువకులకు శిక్షణ మొసగసాగిరి. ఆప్తమిత్రులైన వరదా వేంకటరత్నముగారు ఇందు కుడిభుజముగా నుండిరి. చిత్రకళను నేర్వగోరువాడు బొంబాయికో కలకత్తాకో పోనక్కరలేకుండ, గోదావరి గట్టుననే దానిని నేర్వవలెననియు, చిత్రములు జమీందారుల మేడలకే పరిమితము కాక పదిమందియు చూచునట్లుండవలెననియు వారి సంకల్పము.

ఆ సంకల్పమునకు దొరికినది రెండు మూడేండ్లే. 1925వ సంవత్సరము ఫిబ్రవరి 6వ తేదీన రామారావుగారు మశూచికముచే మరణించిరి. 28వ పుట్టినరోజునకు ఇంక ఒక్క నెల యుండెను. ఆ వ్యాధిని అడ్డుటకు టీకాలు 1796లో జెన్నరు వైద్యుని పరిశోధనమునాటినుండి తెలిసియే యున్నవి. అయినను మన దేశమున అది ఊళ్లకు ఊళ్లను తుడిచివేయుచుండెను. 1980లో గాని అది లోకమునుండి పూర్తిగా తొలగినదని ప్రకటింపబడలేదు. నేటి పిల్లలు మశూచిక మననేమో ఎరుగరు. ఎరుగకుండుటయే మేలు.

గురువు పోయిన చిన్న పాఠశాలలు తరచుగా ఆ సంవత్సరమే మూతపడును. ఇది మూతపడలేదు. వేంకటరత్నముగారు మిత్రుని పనిని తమ పనిగా నెత్తికెత్తుకొని, దశాబ్దములపాటు శిష్యులకు నేర్పుచు వచ్చిరి. ఇల్లాలును మిత్రులును చిత్రములు ఒకటొకటిగా చేతులు మారి చెల్లాచెదరు కాకుండ కాపాడిరి. చిత్రకారుడు మరణించినపుడు గోడమీది పటములను అమ్ముకొనుట సులభము. అమ్మకుండ నిలుపుట ఎంత కష్టమో సంసారము నడపినవారికి తెలియును. ఆ చిత్రములతో ఏర్పడినదే నేటి దామెర్ల రామారావు స్మారక చిత్రశాల. తరువాత ప్రభుత్వము దాని నిర్వహణమును చేపట్టెను. తైలవర్ణ చిత్రములు, నూరింటికి మించిన నీటిరంగుల చిత్రములు, వందలకొలది పెన్సిలు గీతలు, ఇవన్నియు ఇంత స్వల్పాయువులో వ్రాసినవి.

సెలవులలో ఆ దిక్కునకు పోవు బాలబాలికలు అచ్చట దిగి చూచి రావచ్చును. పెద్ద పటములకడకు తిన్నగా పోక, ముందుగా పెన్సిలు గీతలను చూడుడు. పిదప ఆ తలవంపును, ఆ చేతిని రంగుల చిత్రములలో వెదకుడు. కొన్ని దొరకును. వచ్చిన పిమ్మట మౌలాలి కొండబండలను గీసి నాకు చూపువారికి, లెక్కల పుస్తకములోనే గీసినను, నేనేమియు అనను.