చదరంగ యోధుడు మీర్ సుల్తాన్ ఖాన్



పెన్షన్ కాగితాల పని తీరాక మనలో చాలామందిమి చదరంగం బల్ల ముందు చేరేవాళ్లమే. నేను ఆదిలాబాద్‌లో గుమాస్తాగా ఉన్న రోజుల్లో పెద్దలు అరుగుల మీద ఆడిన ఆట వేరు. బంటు మొదటి ఎత్తులోనూ ఒక్క గడే కదిలేది. రాజు ఒక్కసారి గుర్రంలా దూకేవాడు. అటువంటి దేశీ ఆటతోనే పెరిగి, ప్రపంచ యోధులను ఓడించిన వారు మీర్ సుల్తాన్ ఖాన్.

ఆయన 20వ శతాబ్దపు తొలి ఏళ్లలో పంజాబులోని మిఠా టివానాలో జన్మించారు. తండ్రి వద్దే ఆట నేర్చుకున్నారు. నవాబు సర్ ఉమర్ హయాత్ ఖాన్ చేరదీసి పాశ్చాత్య నియమాలు నేర్పించారు. 1928లో అఖిల భారత విజేత అయ్యారు. 1929లో నవాబుతో ఇంగ్లండు వెళ్లి ఆ ఏడే బ్రిటిష్ ఛాంపియన్‌షిప్ గెలిచారు. 1932, 1933లలో మళ్లీ గెలిచారు.

ఆయన లోటు ఆరంభంలోనే ఉండేది. ప్రత్యర్థులు తొలి ఎత్తులను పుస్తకాల నుంచి వల్లించి వచ్చేవారు. ఆయనకు ఆ చదువు లేదు. ఆరంభంలో వెనుకబడినా, నడిమి ఆటలోనూ చివరి ఆటలోనూ ఓపికతో పుంజుకునేవారు.

1930-31 హేస్టింగ్స్ పోటీలో మాజీ ప్రపంచ విజేత కాపాబ్లాంకా ఎదురుపడ్డారు. సుల్తాన్ ఖాన్‌వి తెల్లపావులు. ఎదుటి శకటు ముందుకు చొరబడకుండా, మంత్రి వైపు ఏనుగు ముందున్న బంటును ఒక్క గడి జరిపారు. చివరకు 65 ఎత్తుల్లో గెలిచారు. ఆ చిన్న ఎత్తు పద్ధతికే తర్వాత పెట్రోసియన్ పేరు వచ్చింది. 1980లలో కాస్పరోవ్ చేతిలో అది పదునైన ఆయుధమైంది. 1931లో సుల్తాన్ ఖాన్ టార్టకోవర్‌ను కూడా నేరుపోటీలో ఓడించారు.

ఇంగ్లండు చలి ఆయనకు పడలేదు. 1933 చివర స్వదేశం చేరి, సేద్యం చేసుకుంటూ 1966లో కన్నుమూశారు. 1950లో ఫిడే తొలి గ్రాండ్‌మాస్టర్ల జాబితా ప్రకటించినపుడు అందులో ఆయన పేరు లేదు. 2024లో, మరణించిన 58 ఏళ్లకు, గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చారు.

నా పదోన్నతి ఉత్తర్వు నేను రిటైరైన తర్వాత చేతికొచ్చింది. బకాయిలు రాలేదు. అయినా ఆ కాగితాన్ని భద్రంగా దాచుకున్నాను. ఆయన మాత్రం తన కాగితం చూసుకోలేకపోయారు. అర్హులను వారు బతికుండగానే గుర్తించడం అందరి బాధ్యత. మన సంఘం చేయవలసిన పని కూడా అదే.