గుడారములలో కుటుంబములు

దేశవిభజన పిమ్మట లాహోరు పిచ్చాసుపత్రిలోని హిందూ, సిక్కు రోగులను 1950లో అమృతసరునకు తరలించిరి. అచ్చటి ఆసుపత్రికి అధికారియైన డాక్టరు విద్యాసాగరుగారిని గూర్చి మీకు తెలుపగోరుచున్నాము.

ఆ కాలమున రోగిని గేటువద్ద విడిచిపోయిన బంధువులు మరల వచ్చుట అరుదు. ఆయన ఆవరణములోనే గుడారములు వేయించి, తల్లినో భార్యనో అన్నదమ్మునో రోగితోకూడ ఉండనిచ్చిరి. వారే తినిపించిరి, వారే కనిపెట్టుకొనియుండిరి. డాక్టరుగారు వారి మధ్య కూర్చుండి, ఇది శాపము కాదు రోగమనియు, ఇల్లు చేరిన తరువాత ఎట్లు చూచుకొనవలెననియు బోధించెడివారు. కుదిరినవారిని కొత్తవారు కన్నులార చూచిరి, భయము తగ్గెను. ఆయన క్రైస్తవుడు కారు. అయినను నలుగురు మోసికొనివచ్చిన పక్షవాయువుగలవాని సంగతి మాకు ఇక్కడనే బాగుగా బోధపడెను. ఆయన 1978లో మరణించిరి. 1957లో ప్రారంభమైన వేలూరు క్రైస్తవ ఆసుపత్రి మానసిక కేంద్రములో కూడ బంధువులు రోగితో ఉందురు.

మా తప్పొకటి చెప్పుకొందుము. సిరిసిల్ల ప్రక్క గ్రామములో త్రాగుడువలన మతి చలించిన నేతపని సహోదరుని ఆసుపత్రిలో చేర్చి, నీవేమి చేయగలవమ్మా యని తల్లిని ఇంటికి పంపివేసితిమి. అతడు కుదుటపడి వచ్చెను గాని, మాత్ర ఎప్పుడు వేయవలెనో ఆమెకెవరును చెప్పలేదు. మూడు నెలలకు మరల కల్లు దుకాణము. రెండవసారి కోరుట్లనుండి అక్కయు, జగిత్యాలనుండి మేనమామయు వచ్చి, తల్లితోకూడ వంతులవారీగా అతనియొద్ద ఉండిరి. ఇప్పుడు మాత్రల డబ్బా ఆమె బియ్యపుకుండ ప్రక్కన ఉన్నది.