జాన్ పోస్టెల్

జాన్ పోస్టెల్ (పూర్తి పేరు జోనాథన్ బ్రూస్ పోస్టెల్, ఆగష్టు 6, 1943 - అక్టోబరు 16, 1998) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త. అంతర్జాలంలోని సంఖ్యల, పేర్ల పట్టికలను పాతికేళ్ళకు పైగా నిర్వహించిన వ్యక్తిగా ప్రసిద్ధుడు. నేడు వ్యాపారస్థులు తమ వెబ్‌సైటు పేరును నమోదు చేయడానికి నచ్చిన రిజిస్ట్రారును ఎంచుకొనగలుగుతున్నారంటే, ఆ ఏర్పాటుకు దారితీసిన పరిణామాలలో ఈయన పాత్ర ముఖ్యమైనది.

బాల్యం, విద్య

పోస్టెల్ కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఆల్టడీనాలో జన్మించాడు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1966లో బి.ఎస్., 1968లో ఎం.ఎస్. పట్టాలు, 1974లో కంప్యూటర్ శాస్త్రంలో డాక్టరేటు పొందాడు. అంతర్జాలానికి పూర్వరూపమైన ఆర్పానెట్‌లో తొలి సందేశం 1969 అక్టోబరు 29న వెలువడినది ఈ విశ్వవిద్యాలయం నుండే. విద్యార్థిగా ఉన్నప్పుడే పోస్టెల్ ఆ పరిశోధనలో పాల్గొన్నాడు.

పట్టికల నిర్వహణ

వేర్వేరు కంప్యూటర్లు ఒకే సంఖ్యను వేర్వేరు పనులకు వాడితే నెట్‌వర్కు పనిచేయదు. అందువలన 1972లో ఆ సంఖ్యల పట్టికను తానే నిర్వహిస్తానని పోస్టెల్ ప్రతిపాదించాడు. ఆ బాధ్యతే తరువాత అయానా అనే వ్యవస్థగా రూపొందింది. 1977 నుండి దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఇన్ఫర్మేషన్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేశాడు. అంతర్జాల ప్రమాణాలను తెలిపే ఆర్.ఎఫ్.సి. పత్రాలకు మరణించే వరకు సంపాదకుడుగా ఉన్నాడు.

డొమైన్ పేర్లు

1983లో పాల్ మొకాపెట్రిస్ డొమైన్ నేమ్ వ్యవస్థను రూపొందించాడు. 1984లో పోస్టెల్, జాయిస్ రేనాల్డ్స్ కలిసి వ్రాసిన పత్రం డాట్ కామ్, డాట్ ఆర్గ్ వంటి విభాగాలను నిర్వచించింది. దేశాలకు మాత్రం అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ జాబితాలోని రెండక్షరాల సంకేతాలను స్వీకరించారు. భారతదేశపు డాట్ ఇన్ ఆ విధంగా వచ్చినదే. ఏది దేశం, ఏది కాదు అని నిర్ణయించే పని తమకు తగదని పోస్టెల్ భావించాడు.

1994లో వెలువరించిన ఆర్.ఎఫ్.సి. 1591లో ఈయన ఒక సూత్రాన్ని స్పష్టం చేశాడు. ఒక విభాగాన్ని నిర్వహించేవారు దానికి యజమానులు కారు, ధర్మకర్తలు మాత్రమే. దరఖాస్తుదారులందరినీ వారు సమానంగా చూడాలి.

రుసుము, వివాదం

డాట్ కామ్ పేర్ల నమోదు 1993 నుండి నెట్‌వర్క్ సొల్యూషన్స్ అనే ఒకే సంస్థ చేతిలో ఉండేది. 1995 సెప్టెంబరులో ఆ సంస్థ మొదటి రెండేళ్ళకు 100 డాలర్ల రుసుము విధించింది. పేరు కావలసినవారికి మరొక దారి లేదు. పోటీ ఉండాలని కోరిన పోస్టెల్, అనేక కొత్త విభాగాలను, వాటికి కొత్త నిర్వాహకులను 1996లో ప్రతిపాదించాడు.

1998 జనవరి 28న ఎనిమిది రూట్ సర్వర్ల నిర్వాహకులు, ఈయన కోరికపై, మూల పట్టికను నెట్‌వర్క్ సొల్యూషన్స్ నుండి కాక అయానా నుండి గ్రహించసాగారు. అమెరికా ప్రభుత్వం తీవ్రంగా అభ్యంతరం తెలుపగా కొద్ది రోజులలోనే పూర్వస్థితి పునరుద్ధరింపబడింది. ఇది కేవలం పరీక్ష అని పోస్టెల్ చెప్పాడు. కాని అంతటి వ్యవస్థ ఒక వ్యక్తిపై గల నమ్మకం మీద నిలిచి ఉన్నదని లోకానికి తెలిసివచ్చింది.

మరణం

ఈ బాధ్యతలను స్వీకరించడానికి 1998 సెప్టెంబరు 30న ఐకాన్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది. పక్షం రోజుల తరువాత, గుండె శస్త్రచికిత్స అనంతరం తలెత్తిన సమస్యల వలన, పోస్టెల్ లాస్ ఏంజెలెస్‌లో మరణించాడు. 1999 నుండి ఇంటర్నెట్ సొసైటీ ఈయన పేరిట పురస్కారం ఇస్తున్నది. మొదటి పురస్కారం మరణానంతరం ఈయనకే లభించింది.

నేటి రిజిస్ట్రార్లు

1999లో డాట్ కామ్ నమోదులో పోటీ మొదలయింది. పట్టికను నిర్వహించే సంస్థ రిజిస్ట్రీ, ప్రజలకు పేర్లను నమోదు చేసే సంస్థ రిజిస్ట్రారు అని విభజన జరిగింది. ఒక రిజిస్ట్రారు నచ్చకపోతే పేరును వదులుకోకుండానే, నిబంధనలకు లోబడి, మరొకరికి మార్చుకొనవచ్చు. 2007లో గుర్తింపు పొందిన ఒక రిజిస్ట్రారు సంస్థ విఫలమై వినియోగదారులు చిక్కులలో పడగా, ఐకాన్ దాని గుర్తింపును రద్దు చేసింది. రిజిస్ట్రార్ల వద్దనున్న వివరాల నకళ్ళను వేరొకచోట భద్రపరచే ఏర్పాటు కూడా అమలులోకి వచ్చింది.

కనుక వ్యాపారానికి పేరు తీసుకొనేవారు చౌక ధరను మాత్రమే చూడరాదు. రిజిస్ట్రారుకు ఐకాన్ గుర్తింపు ఉన్నదా, పేరు తమ పేరిటే నమోదైనదా, మొదటి ఏడాది తరువాత పునరుద్ధరణ రుసుము ఎంత, బదిలీకి ఆటంకాలు ఉన్నవా అనే విషయాలు ముందే పరిశీలించాలి. పట్టికను చేతబట్టినవాడు ధర్మకర్తగా మెలగాలన్న పోస్టెల్ సూత్రం రిజిస్ట్రారు ఎంపికకూ సరైన గీటురాయి.