రైల్వే స్టీమరు కెప్టెన్ ఫ్రయట్

రైల్వే అంటే మనకు పట్టాలు, బోగీలే గుర్తుకొస్తాయి. 1964 తుపానులో ధనుష్కోటి మునిగిపోయేదాకా అక్కడ రైలు దిగి, స్టీమరెక్కి సింహళం వెళ్లేవారని మన పెద్దలు చెప్పుకొనేవారు. ఇంగ్లండులో ఎన్నో రైల్వే కంపెనీలకు ఇటువంటి ప్రయాణికుల స్టీమర్లు సొంతంగా ఉండేవి. వాటిలో గ్రేట్ ఈస్టర్న్ రైల్వే ఒకటి. హార్విచ్ రేవు నుంచి హాలండుకు దాని నౌకలు తిరిగేవి. ఆ నౌకల మీద పనిచేసిన ఒక ఉద్యోగి గురించి ఈ ప్రత్యేక సంచికలో నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆయన పేరు చార్లెస్ ఫ్రయట్. 1872 డిసెంబరు 2న సౌతాంప్టన్‌లో పుట్టారు. తండ్రి కూడా ఆ కంపెనీ నౌకల్లోనే పనిచేశారు. ఫ్రయట్ 1892లో మామూలు నావికుడుగా చేరి, ఒక్కొక్క మెట్టే ఎక్కి కెప్టెన్ అయ్యారు. ఆరుగురు ఆడపిల్లలు, ఒక మగపిల్లవాడు. ఇంతవరకు మనబోటి వారి కథే.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. హాలండు తటస్థ దేశం కనుక స్టీమరు సర్వీసు ఆగలేదు. 1915 మార్చి 2న ఒక జర్మన్ జలాంతర్గామి ఆయన నడుపుతున్న రెక్స్‌హామ్ అనే నౌకను నలభై మైళ్లు తరిమింది. పొగగొట్టాలు కాలిపోయేలా బొగ్గు వేయించి, నౌకను క్షేమంగా రాటర్‌డామ్ చేర్చారు. కంపెనీ ఆయనకు బంగారు గడియారం బహూకరించింది. అదే నెల 28న బ్రసెల్స్ అనే నౌకను యు-33 అనే జలాంతర్గామి ఆగమని ఆదేశించింది. ఆయన ఆగలేదు సరికదా, పూర్తి వేగంతో దాని మీదికే నౌకను తిప్పారు. అది గబగబా నీళ్లలో మునిగి తప్పుకుంది. అలా చేయమని కెప్టెన్లందరికీ నౌకాదళ శాఖ ఉత్తర్వులున్నాయి. ఆ శాఖ కూడా ఒక బంగారు గడియారం ఇచ్చింది.

1916 జూన్‌లో బ్రసెల్స్ నౌకను జర్మన్ డిస్ట్రాయర్లు పట్టుకున్నాయి. జూలై 27న బ్రూజ్ పట్టణంలో సైనిక విచారణ జరిగింది. సైనికుడు కానివాడు జలాంతర్గామిని ఢీకొట్టబోవడం నేరమని అభియోగం. యు-33కు ఏ హానీ జరగలేదు. అయినా గడియారం మీద చెక్కిన ప్రశంసే ఆయనకు వ్యతిరేక సాక్ష్యమైంది. ఆ సాయంత్రమే కాల్చి చంపారు. అప్పటికాయన వయస్సు 43.

నేను సర్వీసులో చాలా ఏళ్లు కుటుంబ పెన్షన్ ఫైళ్లే చూశాను. అందువల్ల ఈ కథలో నా దృష్టి ఆయన భార్య మీదికీ, ఏడుగురు బిడ్డల మీదికీ పోయింది. ఉత్తర్వు పైవారిది, ప్రాణం పోయింది కిందివాడిది. అయితే పైవారు ఆ ఇంటిని వదిలేయలేదు. కంపెనీ ఆమెకు ఏడాదికి 250 పౌన్ల పెన్షన్ మంజూరు చేసింది. ప్రభుత్వం మరో 100 పౌన్లు కలిపింది. పోయిన మనిషిని ఏ పెన్షనూ తేలేదు. కాని పిల్లలు వీధిన పడకుండా చూడడం యజమాని ధర్మం. అది దయ కాదు, బాకీ.

1919లో ఆయన భౌతికకాయాన్ని స్వదేశానికి తెచ్చారు. జూలై 8న లండన్ సెయింట్ పాల్ చర్చిలో ప్రార్థనలు జరిపి, హార్విచ్ పక్కన డోవర్‌కోర్టులో ఖననం చేశారు. గ్రేట్ ఈస్టర్న్ కంపెనీ 1923లో మరో పెద్ద కంపెనీలో కలిసిపోయింది. బ్రసెల్స్ నౌక పశువులను మోసి మోసి 1929లో పాత ఇనుము కింద పోయింది. లండన్ లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్‌లో మాత్రం ఫ్రయట్ స్మారక ఫలకం ఉంది. విదేశాల్లోని పిల్లల దగ్గరికి వెళ్లే మన సభ్యులు ఆ స్టేషన్‌కు వెళ్తే, ఒక్క నిమిషం ఆగి చూసి రావలసిందిగా మనవి.