జాతీయ వాణిజ్య వాణికి రూపమిచ్చిన వాల్‌చంద్ హీరాచంద్

విశాఖపట్నం నౌకా నిర్మాణ కేంద్రం వ్యవస్థాపకులుగా తెలుగువారికి సుపరిచితులైన వాల్‌చంద్ హీరాచంద్, భారతీయ వ్యాపార, పారిశ్రామిక వర్గాలను ఒకే వేదికపైకి తెచ్చిన ప్రముఖులలో ఒకరు. పరాయి పాలనలో ఒంటరి వ్యాపారి సాధించలేనిది సంఘటిత వాణి సాధించగలదని, అయితే ఆ వాణికి ప్రభుత్వ విధానం తోడు కానిదే ఫలితం పరిపూర్ణం కాదని ఆయన జీవితం నిరూపించింది. తూర్పు సముద్ర తీరం మొదలు ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు వరకు ఉన్న ఉత్పత్తిదారులకు, వారితో వ్యవహరించే అధికార యంత్రాంగానికి ఈ అనుభవం నేటికీ పరిశీలనార్హమైనది.

వాల్‌చంద్ 1882 నవంబరు 23వ తేదీన షోలాపూర్‌లో స్థిరపడిన గుజరాతీ జైన కుటుంబంలో జన్మించారు. పత్తి వ్యాపారం, వడ్డీ వ్యాపారం ఆ కుటుంబ వృత్తులు. కళాశాల విద్యను మధ్యలోనే విరమించిన వాల్‌చంద్, వంశానుగత వ్యాపారంతో తృప్తి చెందక, రైల్వే శాఖలో గుమాస్తాగా పనిచేసిన లక్ష్మణరావు ఫాటక్‌తో కలిసి రైలు మార్గాల నిర్మాణ కాంట్రాక్టులు చేపట్టారు. ఈ రంగంలో గడించిన అనుభవంతో 1926లో హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీని నెలకొల్పారు.

మొదటి ప్రపంచ యుద్ధానంతరం 1919లో గ్వాలియర్ మహారాజు సింధియా నుంచి లాయల్టీ అనే ఆవిరి నౌకను మిత్రులతో కలిసి కొనుగోలు చేసి, సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీని స్థాపించారు. ఆ నౌక అదే ఏడాది ఏప్రిల్ 5వ తేదీన బొంబాయి నుంచి లండన్‌కు బయలుదేరింది. ఆ రోజునే 1964 నుంచి దేశమంతటా జాతీయ నౌకాయాన దినోత్సవంగా జరుపుకుంటున్నారు.

అయితే సముద్రం మీద పోటీ సమానుల మధ్య సాగలేదు. వర్తకులు చెల్లించిన రవాణా ఛార్జీలలో కొంత భాగాన్ని బ్రిటిష్ నౌకా కంపెనీలు తమ వద్దనే నిలుపుకొని, నిర్ణీత కాలం పాటు సరుకును తమ ఓడలలోనే పంపినవారికి మాత్రమే తిరిగి ఇచ్చేవి. కొత్తగా వచ్చిన స్వదేశీ ఓడలో ఒక్కసారి సరుకు ఎక్కించినా ఆ సొమ్ము దక్కేది కాదు. 1923లో ప్రత్యర్థి బ్రిటిష్ సంస్థతో కుదిరిన ఒప్పందం సింధియా కంపెనీ విస్తరణకు హద్దులు విధించింది. ఎంత సమర్థమైన సంస్థ అయినా ఒంటరిగా ఈ కట్టడిని ఛేదించడం అసాధ్యమని ఈ దశలో తేటతెల్లమైంది.

అప్పటికి దేశ స్థాయిలో వాణిజ్య వర్గాల ప్రతినిధిగా ప్రభుత్వం గుర్తించినది ప్రధానంగా ఐరోపా వర్తకుల ఆధిపత్యంలో ఉన్న అసోచామ్‌నే. ఈ లోటును పూరించేందుకు మహాత్మా గాంధీ సలహా మేరకు ఘనశ్యామ్ దాస్ బిర్లా, పురుషోత్తమ్ దాస్ ఠాకుర్‌దాస్ ప్రభృతులు 1927లో భారత వాణిజ్య, పరిశ్రమల మండళ్ల సమాఖ్యను ఏర్పాటు చేశారు. అదే నేడు ఫిక్కీగా ప్రసిద్ధి పొందింది. వాల్‌చంద్ ఈ సమాఖ్య కార్యకలాపాలలో ప్రముఖ పాత్ర వహించారు. 1927లోనే ఏర్పడిన మహారాష్ట్ర వాణిజ్య మండలికి తొలి అధ్యక్షులయ్యారు. 1932-33లో ఫిక్కీ అధ్యక్ష పదవిని అలంకరించారు.

రూపాయి మారకపు విలువను కృత్రిమంగా ఎక్కువగా నిర్ణయించడాన్ని ఫిక్కీ వ్యతిరేకించింది. స్వదేశీ పరిశ్రమలకు సుంకాల రక్షణ కోరింది. తీర ప్రాంత నౌకా వాణిజ్యాన్ని భారతీయ నౌకలకే ప్రత్యేకించాలన్న డిమాండును బలపరిచింది. ఇందుకోసం 1928లో ఎస్.ఎన్. హాజీ కేంద్ర శాసనసభలో ప్రవేశపెట్టిన బిల్లు చట్టరూపం దాల్చలేదు. పైగా 1935 భారత ప్రభుత్వ చట్టం బ్రిటిష్ నౌకల పట్ల వివక్ష చూపే శాసనాలను నిషేధించింది. ఈ డిమాండులో వాల్‌చంద్ సొంత సంస్థ ప్రయోజనం ఇమిడి ఉన్న మాట వాస్తవమే. అయినప్పటికీ ఒక కంపెనీ ఫిర్యాదుగా మొదలైన అంశం సమాఖ్య ద్వారా జాతీయ విధాన సమస్యగా మారింది. స్వాతంత్ర్యానంతరం తీర వాణిజ్యాన్ని స్వదేశీ నౌకలకు ప్రత్యేకించడంతో ఆ కృషి ఫలించింది.

ఓడలు నడపడమే కాక వాటిని ఇక్కడే నిర్మించాలన్నది వాల్‌చంద్ సంకల్పం. అందుకు ఆయన విశాఖపట్నాన్ని ఎంపిక చేసుకున్నారు. 1941 జూన్ 21వ తేదీన డాక్టర్ బాబూ రాజేంద్రప్రసాద్ నౌకా నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 6వ తేదీన జపాన్ విమానాలు విశాఖపై బాంబులు కురిపించడంతో పనులకు తీవ్ర అంతరాయం కలిగింది. ఎట్టకేలకు 1948 మార్చి 14వ తేదీన ప్రధాని పండిట్ జవహర్‌లాల్ నెహ్రూ జల ఉష నౌకను జలప్రవేశం చేయించారు.

నౌకా నిర్మాణానికి అవసరమైన భారీ వ్యయాన్ని ప్రైవేటు పెట్టుబడి దీర్ఘకాలం మోయలేకపోయింది. 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డ్ ఏర్పడి, మూడింట రెండు వంతుల వాటా కేంద్ర ప్రభుత్వానికి దక్కింది. 1961లో సంస్థ పూర్తిగా ప్రభుత్వపరమైంది. 1940లో ఆయన బెంగళూరులో ప్రారంభించిన విమాన కర్మాగారం సైతం యుద్ధకాలంలోనే ప్రభుత్వ నిర్వహణలోకి వెళ్లింది. పక్షవాతానికి గురైన వాల్‌చంద్ 1950లో బాధ్యతల నుంచి తప్పుకున్నారు. 1953 ఏప్రిల్ 8వ తేదీన గుజరాత్‌లోని సిద్ధపూర్‌లో పరమపదించారు.

వాల్‌చంద్ గతించిన 1953లోనే వరంగల్ నుంచి విడివడి ఖమ్మం జిల్లా అవతరించింది. అప్పటికి తూర్పు గోదావరిలో ఉన్న భద్రాచలం తాలూకా 1959లో ఖమ్మంలో విలీనమైంది. ప్రస్తుతం భద్రాచలం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. ఈ అటవీ ప్రాంతపు కోయలు, కొండరెడ్లు చింతపండు, తేనె, జిగురు సేకరించి జీవిస్తూ వచ్చారు. ఓడల యజమానులకు సమాఖ్య ఉన్నట్లు వీరికి ఏ మండలీ లేదు. సరుకు సేకరించినది వారైనా, ధర నిర్ణయించినది సంతలోని వర్తకుడే. ఈ అసమానతను తగ్గించే లక్ష్యంతో 1956లో ప్రభుత్వం విశాఖపట్నం కేంద్రంగానే గిరిజన సహకార సంస్థను నెలకొల్పడం గమనార్హం. రాష్ట్ర విభజన అనంతరం తెలంగాణలో ఈ సేవలను ప్రత్యేక సంస్థ నిర్వహిస్తోంది.

బొగ్గు గనులు, 1979లో ఉత్పత్తి ప్రారంభించిన సారపాక కాగితపు అట్టల కర్మాగారం ఈ సరిహద్దు ప్రాంతానికి భారీ పరిశ్రమను తెచ్చాయి. పరిశ్రమల తరఫున వాణిజ్య మండళ్లు ప్రభుత్వానికి విన్నవించుకోగలవు. అడవిని నమ్ముకున్నవారి పక్షాన సైతం అంతటి సంఘటిత వాణి వినిపించినప్పుడే అభివృద్ధి సమతుల్యమవుతుంది. బలవంతులైన విదేశీ కంపెనీల ఎదుట ఒకనాడు బలహీన పక్షంగా నిలిచి, సంఘటితమై విజయం సాధించిన వాల్‌చంద్ హీరాచంద్ జీవితం అందిస్తున్న సందేశం ఇదే.