విజయనగరం మహారాజకుమార్ (విజ్జీ)

పూసపాటి విజయానంద గజపతి రాజు (1905 డిసెంబర్ 28 - 1965 డిసెంబర్ 2) భారత క్రికెట్ జట్టు మాజీ నాయకుడు, క్రికెట్ పోషకుడు, పార్లమెంటు సభ్యుడు. విజ్జీ అనే పేరుతో ప్రసిద్ధుడు. ఆటగాడిగా కంటే, సంపద బలంతో జట్టు నాయకత్వాన్ని పొందిన వ్యక్తిగా భారత క్రికెట్ చరిత్రలో ఇతని ప్రస్తావన ఎక్కువగా వస్తుంది.

బాల్యము, విద్య

విజయనగరం సంస్థానాధీశుడు పూసపాటి విజయరామ గజపతి రాజు రెండవ కుమారుడు. సంస్థానం పెద్ద కుమారునికి సంక్రమించగా, ఇతనికి మహారాజకుమార్ అన్న బిరుదు మిగిలింది. అజ్మీరులోని మేయో కళాశాలలోను, ఇంగ్లండులోను చదువుకున్నాడు. తరువాత కాశీలోని కుటుంబ ఆస్తులను చూసుకుంటూ అక్కడే స్థిరపడ్డాడు.

క్రికెట్ పోషణ

1926లో సొంత జట్టును ఏర్పరచి, కాశీలోని తన భవన ప్రాంగణంలో మైదానం నిర్మించాడు. శాసనోల్లంఘన ఉద్యమం కారణంగా 1930-31లో ఎం.సి.సి. జట్టు భారత పర్యటన రద్దు కాగా, ఇతడు జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ వంటి ప్రసిద్ధ ఆటగాళ్ళను రప్పించి భారతదేశంలోను, సింహళంలోను మ్యాచ్‌లు ఏర్పాటు చేశాడు. 

1928లో ఏర్పడిన భారత క్రికెట్ నియంత్రణ మండలికి ఆనాడు తగినంత ఆదాయం లేదు. విదేశీ పర్యటనల ఖర్చుకు అది సంస్థానాధీశుల విరాళాలపై ఆధారపడేది. 1932 ఇంగ్లండు పర్యటన సందర్భంగా విజ్జీ మండలికి భారీ విరాళం ఇచ్చాడు. ఆ జట్టులో ఉప నాయకునికి సహాయకుడిగా పదవి లభించినా, ఆరోగ్య కారణాలు చూపి పర్యటన నుండి తప్పుకున్నాడు. ఆ ఏడాది జరిగిన భారతదేశపు మొదటి టెస్టుకు నాగపూరు తెలుగు కుటుంబానికి చెందిన సి.కె.నాయుడు నాయకత్వం వహించాడు.

1936 ఇంగ్లండు పర్యటన

పటౌడీ నవాబు తప్పుకొనడంతో 1936 పర్యటనకు విజ్జీ నాయకుడయ్యాడు. నాయుడు వంటి అనుభవజ్ఞుడు ఉండగా ఈ ఎంపిక జరగడం వలన జట్టు రెండు వర్గాలుగా చీలింది. మంచి ఫామ్‌లో ఉన్న లాలా అమర్‌నాథ్ లార్డ్స్‌లో మైనర్ కౌంటీస్ జట్టుతో ఆడుతున్నప్పుడు, బ్యాటింగుకు సిద్ధమై కూర్చున్నా పంపకుండా వరుసలో వెనుకకు నెట్టారు. అతడు కోపం ప్రదర్శించడంతో, మొదటి టెస్టుకు ముందే స్వదేశానికి తిప్పి పంపారు.

మూడు టెస్టులలో ఇంగ్లండు రెండు గెలువగా ఒకటి డ్రా అయింది. విజ్జీ ఆరు ఇన్నింగ్సులలో 8.25 సగటుతో 33 పరుగులు మాత్రమే చేశాడు. ఈ పర్యటన కాలంలోనే బ్రిటిషు ప్రభుత్వం నైట్ బిరుదు ఇచ్చింది. 1947లో దానిని త్యజించాడు.

విచారణ

పర్యటనలోని వివాదాలపై బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమాంట్ అధ్యక్షతన సంఘం ఏర్పడింది. 1937లో అది ఇచ్చిన నివేదిక విజ్జీ నాయకత్వాన్ని తప్పుపట్టింది. ఫీల్డర్ల అమరిక, బౌలర్ల మార్పు ఇతనికి తెలియవని, బ్యాటింగు వరుసను స్థిరంగా పాటించలేదని పేర్కొంది. అమర్‌నాథ్ నిర్దోషిగా తేలాడు. కాని అప్పటికే ఆ మూడు టెస్టులు అతనికి దక్కకుండా పోయాయి. రెండవ ప్రపంచ యుద్ధం కారణంగా భారతదేశం 1946 వరకు మరొక టెస్టు ఆడలేదు.

తరువాతి జీవితం

1954 నుండి 1957 వరకు నియంత్రణ మండలి అధ్యక్షుడిగా పనిచేశాడు. ఉత్తర ప్రదేశ్‌లో క్రికెట్ అభివృద్ధికి కృషి చేసి, పూర్వం తన ప్రత్యర్థిగా ఉన్న నాయుడినే వృద్ధాప్యంలో ఆ రాష్ట్ర జట్టుకు రప్పించాడు. రేడియో వ్యాఖ్యాతగా కూడా పేరుపొందాడు. 1958లో పద్మభూషణ్ లభించింది. విశాఖపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. 1965లో మరణించాడు.

అంచనా

విజ్జీ ధనం లేకుండా ఆనాటి భారత క్రికెట్‌కు కొన్ని అవకాశాలు వచ్చేవి కావు. అయితే విరాళం ఇచ్చినవారికి పదవికి తగిన అర్హత ఉన్నదా అని పరిశీలించే నియమం మండలికి లేదు. విచారణ జరిగినది నష్టం జరిగిన తరువాతనే. ఇదే సమస్య ఇతర క్రీడలలోనూ కనిపిస్తుంది. ఇంగ్లండు ప్రీమియర్ లీగు ఫుట్‌బాల్ క్లబ్బుల యజమానులకు, డైరెక్టర్లకు అర్హత పరీక్షను 2004లో గాని ప్రవేశపెట్టలేదు.

విశ్వవిద్యాలయాల అంతర మండల క్రికెట్ పోటీకి విజ్జీ ట్రోఫీ అని, విజయనగరంలోని క్రీడామైదానానికి విజ్జీ స్టేడియం అని ఇతని పేరు పెట్టారు.