జాక్ మోనో

శాస్త్రజ్ఞులలో పెక్కుమంది ప్రయోగశాల గడప దాటక జీవితమును గడపిరి. కొందరు మాత్రము దేశమునకు ఆపద వాటిల్లినపుడు ప్రయోగశాలను విడిచి ముందునకు వచ్చిరి. ఫ్రాన్సు దేశీయుడగు జాక్ మోనో ఈ రెండవ కోవకు చెందినవాడు. బలవంతుని ఆజ్ఞకు ఆయన తలయొగ్గలేదు. ప్రయోగము తెలిపిన సత్యమునకు మాత్రము, అది తన అభిప్రాయమునకు విరుద్ధమైనను, తలవంచెను. ఆయన చరిత్రమున విద్యార్థులు గ్రహింపదగిన విషయమిదియే.

మోనో 1910వ సంవత్సరము ఫిబ్రవరి 9వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తండ్రి లూసియన్ మోనో చిత్రకారుడు. తల్లి అమెరికా దేశపు ఆడపడుచు. 1917లో ఆ కుటుంబము దక్షిణమున సముద్రతీరమునందలి కాన్ పట్టణమునకు తరలిపోయెను. తండ్రికి డార్విను గ్రంథములయందు మక్కువ యెక్కువ. కుమారునకు జీవశాస్త్రాభిరుచి ఆ విధముగా అబ్బెను. బాల్యమున సోకిన పోలియో వ్యాధివలన ఒక కాలు కుంటుపడినను, పెరిగిన పిదప ఆయన కొండలనెక్కుట మానలేదు. సంగీతమన్నచో ఆయనకు ప్రాణము. సెల్లో అను తంత్రీవాద్యమును నేర్చి, బాఖ్ కృతులను పాడు గాయకబృందమునకు నాయకత్వము వహించెను.

1928లో ఉన్నతవిద్యకై పారిస్ చేరెను. 1934లో పరిశోధక బృందముతో ఓడనెక్కి గ్రీన్‌లాండునకు పోయివచ్చెను. 1936లో మరల ఆ ఓడపైననే పోవలసియుండగా, జన్యుశాస్త్రము నభ్యసించుటకై కాలిఫోర్నియాలోని మోర్గను పండితుని ప్రయోగశాలకు వెళ్లెను. ఆ యేటనే ఆ ఓడ ఐస్‌లాండు తీరమున తుఫానులో మునిగిపోయెను. అందున్నవారిలో ఒక్కడు మాత్రమే బ్రదికి బయటపడెను.

తిరిగివచ్చిన పిదప మోనో సోర్బాన్ విద్యాలయమున సూక్ష్మజీవుల పెరుగుదలను పరిశీలింపసాగెను. మన ప్రేవులలో నివసించు ఎషెరీషియా కోలి అను బాక్టీరియాకు గ్లూకోజును, పాలలోని చక్కెరయగు లాక్టోజును కలిపి ఆహారముగా నిచ్చెను. అది మొదట గ్లూకోజును మాత్రమే తిని వేగముగా వృద్ధిచెందెను. గ్లూకోజు తీరిపోగానే కొంతసేపు పెరుగుదల నిలిచిపోయెను. ఆపైన లాక్టోజును తినుచు మరల వృద్ధిపొందెను. నడుమ ఆ విరామమేల? లాక్టోజును ఛేదించు ఎంజైమును బాక్టీరియా అవసరమైనపుడే తయారుచేసికొనుచున్నది. కంటికి కానరాని ఆ జీవికి అవసరమెట్లు తెలియుచున్నది? ఈ ప్రశ్నయే మోనో జీవితమును నడిపించెను. 1941లో ఈ పరిశోధనకు ఆయన డాక్టరు పట్టమును పొందెను.

అప్పటికే పారిస్ జర్మను సేనల వశమైయుండెను. మోనో భార్య ఒడెట్ యూదు వంశజురాలు. ఆమెకును, కవలలైన పసిబిడ్డలకును ముప్పు పొంచియుండెను. అట్టి స్థితిలోను మోనో రహస్య ప్రతిఘటనోద్యమమున చేరెను. ప్రయోగశాల వెలుపల నిలిపిన జిరాఫీ కళేబరపు బోలుకాలిలో రహస్యపత్రములను దాచెడివాడు. శత్రువుల రైలుమార్గములను భగ్నము చేయుట, విమానములనుండి ఆయుధములను దింపించుకొనుట మొదలగు కార్యముల ఏర్పాటులలో పాల్గొనెను. ఒకరి వెనుక నొకరుగా సహచరులు పట్టుబడుచుండగా ఆయన బాధ్యతలు పెరుగుచు వచ్చెను. 1944 ఆగస్టులో పారిస్ విముక్తి పొందెను. పిమ్మట సైన్యమున నుండగా, అమెరికా సేనల సంచార గ్రంథాలయమున ఆయనకొక పత్రిక లభించెను. జన్యువులు డి.ఎన్.ఏ. అను పదార్థముతో నిర్మితములని సూచించు ఏవరీ పరిశోధన అందుండెను.

1945లో మోనో పాశ్చర్ సంస్థలో ఆంద్రె ల్వోఫ్ పండితుని శాఖయందు చేరెను. 1948లో మరియొక పరీక్ష యెదురయ్యెను. సోవియట్ దేశమున లైసెంకో అనునతడు, ప్రభుత్వపు అండతో, జన్యుశాస్త్రమును అసత్యమని నిషేధింపజేసెను. అతనికి ఎదురునిలిచిన వృక్షశాస్త్రవేత్త వావిలోవ్ అంతకుముందే, 1943లో, చెరసాలలో మరణించియుండెను. యుద్ధకాలమున కమ్యూనిస్టు పార్టీలో చేరి పిదప విడిచిన మోనోకు, ఆ పార్టీలో మిత్రులు పెక్కుమంది కలరు. అయినను, శాస్త్రసత్యమును ప్రభుత్వాజ్ఞ నిర్ణయింపజాలదని ఆయన కోంబా అను పత్రికలో బహిరంగముగా వ్రాసెను.

పరుల తప్పును ఖండించుట ఒక యెత్తు, తన తప్పును ఒప్పుకొనుట మరియొక యెత్తు. ఆ రెండవ పరీక్ష ప్రయోగశాలలోనే వచ్చెను. కొన్ని బాక్టీరియా రకములు లాక్టోజు లేకున్నను ఎంజైమును ఎడతెగక తయారుచేయుచుండును. వానియందు ఎంజైమును పుట్టించు ప్రేరకము లోపలనే తయారగుచున్నదని మోనో తలంపు. ఫ్రాన్స్వా జాకబ్, ఆర్థర్ పార్డీ అను శాస్త్రజ్ఞులతో కలిసి ఆయన దీనిని పరీక్షించెను. ఎంజైమునకు సంబంధించిన జన్యువును, దానిని అదుపుచేయు జన్యువును, అవి రెండును లోపించిన బాక్టీరియాలోనికి ప్రవేశపెట్టిరి. కొలది నిమిషములలోనే ఎంజైము తయారు మొదలయ్యెను. కాని కొంతకాలమునకు, లాక్టోజు వంటి ప్రేరకము లేనిచోట, అది ఆగిపోయెను. అనగా అదుపుచేయు జన్యువు పంపుచున్నది ప్రేరకము కాదు, నిరోధకము. 1959లో ప్రకటింపబడిన ఈ ఫలితము మోనో తలంపును త్రోసిపుచ్చెను. ఆయన వాదించి, తర్కించి, తుదకు దానిని అంగీకరించెను.

ఆ యంగీకారమునుండి గొప్ప సిద్ధాంతము పుట్టెను. జన్యువుల వరుస మొదట నిరోధకము కావలివానివలె నిలిచి, అనులేఖనమును ఆపుచుండును. లాక్టోజు లోపలికి వచ్చినపుడు దానినుండి పుట్టిన యొక పదార్థము ఆ కావలివానిని తొలగించును. అంతట వరుసనున్న మూడు జన్యువుల సమాచారము ఒకే వార్తాహర ఆర్.ఎన్.ఏ. రూపమున వ్రాయబడును. ఎంజైము వేయిరెట్లు పెరుగును. బాక్టీరియాలో ఈ వార్తాహరము వ్రాయబడుచుండగనే ప్రోటీను నిర్మాణము మొదలగును. కొలది నిమిషములలో వార్తాహరము ముక్కలై నశించును. కావుననే అవసరము తీరగానే తయారు నిలిచిపోవును. గ్లూకోజు ఉన్నంతవరకు లాక్టోజు లోపలికి వచ్చు ద్వారము మూతపడియుండునని తరువాతివారు కనుగొనిరి. మోనో తొలుత చూచిన విరామమునకు కారణము అట్లు స్పష్టమయ్యెను.

జాకబ్, మోనోలు ఆ జన్యువుల వరుసకు ఆపరాన్ అని పేరిడి, 1961లో తమ సిద్ధాంతమును విపులముగా ప్రకటించిరి. 1965లో వారిరువురకును, ల్వోఫ్ పండితునకును నోబెల్ బహుమానము లభించెను. నిరోధకము ఆర్.ఎన్.ఏ. కావచ్చునని వారు 1961లో ఊహించియుండిరి. 1966లో గిల్బర్ట్, మ్యూలర్ హిల్ అనువారు దానిని వేరుపరచి, అది ప్రోటీనని నిరూపించిరి. ఆ యూహ తొలగినను సిద్ధాంతము నిలిచినది.

మోనో 1970లో యాదృచ్ఛికత, అనివార్యత అను రెంటిని గూర్చి సామాన్యులకై ఒక గ్రంథమును ప్రకటించెను. అది పలు దేశములలో చర్చలు రేపెను. 1971లో పాశ్చర్ సంస్థకు అధ్యక్షుడై, అప్పుడు ధనలోపముతో తల్లడిల్లుచున్న ఆ సంస్థను చక్కదిద్దుటకు శ్రమించెను. 1976 మే 31వ తేదీన, తాను పెరిగిన కాన్ పట్టణముననే, రక్తవ్యాధితో కన్నుమూసెను.

విద్యార్థులారా! మన ప్రేవులలోని సూక్ష్మజీవి సైతము అవసరము లేనిదానిని తయారుచేయక మితముగా జీవించుచున్నది. దాని రహస్యమును కనుగొన్న మహాశయుడు శత్రుసేనకు వెరవలేదు, మిత్రుల కోపమునకు జంకలేదు. అయినను ఒక గాజుపాత్రలోని ఫలితము తన తలంపును కాదన్నపుడు దానిని మన్నించెను. లెక్క తప్పినదని గురువు చెప్పినను, ప్రయోగము చెప్పినను, చిన్నబుచ్చుకొనక మరల చేయు అలవాటును మీరును అలవరచుకొనుడు.